ఎసరు పెట్టే వేళ

జూన్ 9

ఉషగారు రోజూ ఏదో ఒకటి రాయమన్నారు. చెయ్యి అలవాటు పడాలట. ఏడో తరగతి తర్వాత నేను రాసినవి కిరాణా చీటీలే. పప్పు, ఉప్పు, సబ్బు. ఈ డైరీ కూడా వాళ్లదే. అట్ట మీద బెల్లం కొట్టు పేరుంది, కిందటేడాదిది. తేదీలు దిద్దుకుని వాడుకోమన్నారు. ఎవరికీ చూపించక్కర్లేదన్నారు. అందుకే రాస్తున్నాను.

ఏం రాయాలి? మా ఆయన మందుల కంపెనీలో పని మానేశాడు. పరవాడ బస్సు కోసం ఇక పొద్దున్నే లేవక్కర్లేదు. కాంట్రాక్టు అయిపోయిందని నాతో అన్నాడు. ఆ వాసన పడక మానేశానని అత్తతో అన్నాడు. ఏది నిజమో నేను అడగలేదు. ఈ వారంలో చేపల వేట నిషేధం అయిపోతుంది. పూడిమడక రేవులో ఆయన అక్క బేబి వదిన మొగుడు ధనరాజు అన్నయ్యకు ఫైబర్ బోటుంది. దాని మీద వెళ్తాడట.

మా నాన్న కొర్లయ్య సముద్రం వదిలేసి అనకాపల్లి వచ్చి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోశాడు. "నా గుంటను సముద్రానికివ్వలేదు, కంపినీకిచ్చేను" అని నా పెళ్లిలో అందరికీ చెప్పుకున్నాడు. నాన్నకు ఇంకా ఈ సంగతి చెప్పలేదు.

నాకేమీ భయం లేదు. రాయడానికి ఇంకేం లేక రాశాను.

జూన్ 12

కొట్టు వెనక గదిలో మేం బెల్లం అచ్చులు కవర్లలో కడతాం. షావుకారు సూర్యనారాయణమూర్తి గారి అమ్మాయే ఉషగారు. హైదరాబాదు కంపెనీకి ఇక్కణ్ణించే పని చేస్తారు. కొట్టులో ఏసీ ఉందని లాప్‌టాప్ అక్కడికే తెచ్చుకుంటారు.

ఇవాళ నన్ను పిలిచి ఫోన్లో ఒక యాప్ చూపించారు. గట్టు అని పేరు. వేటకు వెళ్లేవాళ్ల కోసం. బోటు పేరు, ఎంతమంది ఉన్నారు, ఇంటి దగ్గరివాళ్ల నంబరు, తిరిగి వచ్చే టైము, ఇవన్నీ నింపి వెళ్లాలి. ఒడ్డుకు వచ్చాక "చేరాం" అని నొక్కాలి. ఆ టైముకు నొక్కకపోతే ఇంటి దగ్గర ఫోను మోగుతుంది. సముద్రం మీద సిగ్నల్ లేకపోయినా పరవాలేదట. టైము చూసుకునేది ఒడ్డునున్న ఫోనే.

"దీన్ని ఎవరు అమ్ముతారండీ?"

"ఎవరూ అమ్మరు దుర్గా. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి ఊరికే తయారుచేశారు. ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరైనా లోపలికి వెళ్లి బాగుచేయవచ్చు."

"ఎవరైనా పాడుచేయొచ్చా?"

ఆవిడ గట్టిగా నవ్వారు. నేను నవ్వించడానికి అడగలేదు.

తెలుగులో ఎలా వాడాలో చెప్పే పేజీ ఒకటుంది. "నౌకా నిష్క్రమణ వివరములను నమోదు చేయుము" అని మొదలవుతుంది. మిషనుతో చేయించారట. "ఇది మీవాళ్లకి అర్థమవుతుందా?" అని అడిగారు. నాకే అవ్వలేదన్నాను. అయితే నువ్వే రాయి అన్నారు. ఒక్కొక్క గడిలో ఏం నింపాలో, మీ ఆయనకి చెబుతున్నట్టు రాయి చాలు అన్నారు.

ఆయనకు నేను ఏదైనా చెప్పడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

జూన్ 14

ఇవాళ ఏమీ రాయలేదు. ఇది కూడా రాసినట్టే అవుతుందేమో.

జూన్ 15

పొద్దున్న ఆయన గడప దాటుతుంటే "ఎప్పుడొత్తావు మావా?" అన్నాను. కంపెనీకి వెళ్లేటప్పుడు రోజూ అడిగే మాటే.

అత్త చేతిలో చేపల గంప కింద పడేసింది.

"ఓలమ్మా! నోట్లోంచి ఏటొచ్చిందే అది? ఏటకెల్లే మొగోణ్ణి ఎప్పుడొత్తావని అడుగుతారేటే!"

ఆయన వెనక్కి వచ్చాడు. చెప్పులు విప్పి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాడు. నా వైపు చూడలేదు. అత్త సందు మలుపు దాకా చూసి వచ్చి నా పక్కన కూలబడింది. అప్పటికి గొంతు తగ్గింది.

"నీ తప్పుగాదులే గుంటా. మీ అయ్య బెల్లం మోసేడు, నీకెవులు సెప్తారు? ఒచ్చే టైము నోటితో అంటే సముద్రం ఇంటాది. ఇంటే ఆ టైముకి రానీదు."

"మరి ఇంట్లో ఎలా తెలుత్తాది అత్తా?"

"ఎసరెప్పుడెట్టమంటావని అడగాల. ఆడు సెప్తాడు. సీకటి పడ్డాకనో, రేపు మద్దేనమో. మా యత్త అలాగే అడిగేది. నానూ అలాగే అడిగేను, మీ మావున్నన్నాళ్లూ."

మామ సముద్రంలో పోలేదు. జ్వరంతో పోయాడు. అయినా ఆ మాట విన్నాక పొద్దంతా సందు మలుపు వైపే చూస్తూ ఉన్నాను.

చీకటి పడ్డాక వచ్చాడు. కవళ్ల చేపలు తెచ్చాడు. నేను పెట్టిన అన్నం తిన్నాడు. ఇక ఎప్పుడూ అడగను.

జూన్ 19

పేజీ రాయాలంటే ముందు ఒక పేరు పెట్టుకోవాలట. నా పేరు వద్దన్నాను. ఎవరైనా చూస్తే? ఎవరు చూస్తారని ఉషగారు అడిగారు. ఎవరో ఒకరు అన్నాను. అక్కడ సొంత పేరే పెట్టాలని లేదు, ఏదైనా పెట్టుకోవచ్చు అన్నారు. చేతిలో ఉన్నది చూసి బెల్లంఅచ్చు అన్నాను. ఆవిడ నిజంగానే పెట్టేశారు.

నేను రాసింది నేరుగా బయటికి వెళ్లదట. వాళ్లలో ఒకరు చదివి, బాగుందంటేనే వెళ్తుంది. ఆ మాట విన్నాక కాస్త ఊపిరి వచ్చింది. తప్పు రాస్తే ఎవరో ఒకరు ఆపుతారు.

జూన్ 24

నాలుగు రోజులుగా అచ్చులు కట్టడం అయ్యాక రాస్తున్నాను. ముందు కాగితం మీద, తర్వాత ఫోన్లో. ఉషగారు ఒకటే చెప్పారు, ఒక వాక్యంలో ఒక పని. "బోటు దింపే ముందు ఈ యాప్ తెరవండి." "ఎంతమంది వెళ్తున్నారో రాయండి, మిమ్మల్ని కలుపుకుని." "ఇంటి నంబరు అంటే మీ నంబరు కాదు, ఒడ్డున ఉండేవాళ్లది." ఇవన్నీ నేనే రాశాను. మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఎవరో పెద్దవాళ్లు రాసినట్టుంది.

తిరిగి వచ్చే టైము దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

నోటితో అడిగితేనే అంత తప్పయితే, రాయడం ఇంకెంత తప్పు? ఈ పేజీ చదివి ఎవరైనా ఆ టైము రాసి వెళ్లి, ఆ టైముకు రాకపోతే? రాయించింది నేనే అవుతాను. చాలాసేపు ఆలోచించాను. చివరికి ఇలా రాశాను: "ఈ గడి మీకు ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలేయవచ్చు."

రాశాక గుండె తేలికపడింది. అందరికీ మేలు చేసినట్టే అనిపించింది. ఉషగారు ఫోన్లో మాట్లాడుతూనే పైపైన చూసి, పంపించేయమన్నారు.

జూన్ 30

నాకు ఒక మగాయన రాశాడు.

శ్యామ్ అట. బెంగుళూరులో ఉంటాడట. తెలుగు పేజీలు చూసేది ఆయనే. "బెల్లంఅచ్చు గారూ, పేజీ చాలా బాగుంది. ఒక్క అనుమానం. తిరిగి వచ్చే సమయం ఖాళీగా వదిలేస్తే ఇంటి ఫోను మోగదు కదా? ఆ మాట అక్కడ చెప్పాలేమో. లేక వదిలేయవచ్చు అనడానికి వేరే కారణం ఉందా?"

ఫోను దిండు కింద పెట్టేశాను. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, వల దారం చుడుతున్నాడు. నా ముఖంలో కనిపిస్తుందేమోనని వంటింట్లోకి వెళ్లిపోయాను.

కారణం ఉంది. కానీ ఎలా చెప్పను? సముద్రం వింటుందని రాయనా? మా అత్త చెప్పిందని రాయనా? వాళ్లంతా చదువుకున్నవాళ్లు. ఉషగారు ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్లారు, ఎప్పుడొస్తారో తెలీదు. ఇంత చిన్నదానికి ఆవిడకు ఫోన్ చేస్తే ఏమనుకుంటారు?

రేపు రాస్తాను.

జూలై 1

రేపు.

జూలై 2

తెరిచాను. "అయ్యా" అని రాసి కొట్టేశాను. "సార్" అని రాసి కొట్టేశాను.

జూలై 4

శ్యామ్ గారు పేజీ బయట పెట్టేశారు. మిగతాదంతా బాగుంది కాబట్టి ఆపడం లేదు, ఆ ఒక్క ప్రశ్నకు మీకు వీలైనప్పుడు జవాబివ్వండి, అప్పుడు మారుద్దాం అని రాశారు.

నేను రాసింది చూశాను. ఎవరు తెరిచినా కనబడుతుంది. ఫోను రెండుసార్లు మూసి మళ్లీ తెరిచాను. సంతోషమే అయ్యుంటుంది.

జూలై 9

మధ్యాహ్నం ఆయన వచ్చి ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

"ఏటే, ఇది సూడు. మా గ్రూపులో ఏసేరు. బోటు దింపీ ముందని రాసేడు సూడు. ఎవుడో మనోడే రాసేడు. సదువుకున్నోడైతే ఇలగ రాయడు."

నా పేజీయే.

"పేరు బెల్లంఅచ్చంట. అనకాపల్లోడే అయ్యుంటాడు" అని నవ్వాడు. "మా బావ ఎక్కించేసేడు ఫోన్లో. అక్క నంబరూ నీ నంబరూ ఎట్టేడు. టైము గడి ఖాళీగా ఒగ్గీయొచ్చంట. ఆడికి తెలుసే మన సంగతి! ఆ ఒక్క ముక్కకే మావోళ్లందరూ నమ్మేసేరు. పరదేశి మావైతే, ఈడు మన గంగమ్మ బిడ్డరా అన్నాడు."

"నాకేటి తెలుసు మావా" అన్నాను. ఆయనేమీ అడగలేదు, నేనే అన్నాను.

చెబుతామనే అనుకున్నాను. కానీ అంత సంతోషంగా ఉన్నాడు. ఆడదాన్ని, అందులోనూ తన పెళ్లాన్ని రాశానంటే గ్రూపులో ఏమంటారో. ఇంకోసారి చెబుతాను.

జూలై 10

నా ఫోన్లోనూ, పనిలో నా పక్కన కూర్చునే రామతులసి ఫోన్లోనూ యాప్ ఎక్కించి చూశాను. టైము రాసి, అది దాటాక కూడా నొక్కకుండా ఉంటే రామతులసి ఫోను ఎంత గట్టిగా మోగిందంటే షావుకారు గారు ముందు గదిలోంచి పరుగెత్తుకొచ్చారు.

గడి ఖాళీగా వదిలి చూశాను. మోగలేదు. సాయంత్రం దాకా చూశాను.

జూలై 11

అందరూ ఖాళీగా ఏమీ వదలరు. మగవాళ్లకు ఇలాంటి పట్టింపులుండవు. ధనరాజు అన్నయ్య ఇంటర్ దాకా చదివాడు. శ్యామ్ గారికి రేపు రాస్తాను.

జూలై 16

అల్పపీడనం ఉందంటున్నారు కానీ ఇక్కడికి కాదట, ఒరిస్సా వైపట. ఆయన పూడిమడక బయల్దేరాడు. ఈసారి దూరం వెళ్తారట. ధనరాజు అన్నయ్య, ఈయన, ఇంకో ఇద్దరు.

అత్త అడిగింది, "ఎసరెప్పుడెట్టమంటావురా?"

"ఎల్లుండి పొద్దువాలేక ఎట్టమ్మా."

నేను గడపలో ఉన్నాను. మావా, బోటు దింపే ముందు ఆ గడి నింపమని అన్నయ్యతో చెప్పు. అదే అనాలి. నోరు తెరిచాను కూడా.

"ఏటే?" అన్నాడు.

"ఏటీ లేదు. గొడుగు."

"సముద్రంలో గొడుగేటే!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే వెళ్లాడు. అది మంచిదే.

జూలై 17

పొద్దున్నుంచి గాలి. పక్కింటి రేకు ఒకటి లేచి మా పెరట్లో పడింది. ఫోను మోగలేదు.

జూలై 18

పొద్దువాలాక ఎసరు పెట్టాను. అన్నం వార్చాను. రాలేదు.

"ఫోనరిసిందేటి?" అని అత్త అడిగింది.

"లేదత్తా."

"మరేటి బయ్యం! ఏట బాగా పడుంటాది."

అవునన్నాను.

జూలై 19

మోగలేదు.

తెల్లవారగానే బేబి వదిన ఫోన్ చేసింది. మిగతా బోట్లన్నీ వచ్చేశాయట. "నా ఫోనూ అరవలేదే. కంగారడకు. ఏ గంగవరం కాడో ఒడ్డెక్కుంటారు" అంది. అత్త ఆ మాట విని టీ పెట్టుకుంది.

వాళ్లందరికీ ధైర్యం ఆ ఫోనే. దానికి నోరు కట్టేసింది నేను. నాకు తెలుసు. పదో తేదీ నుంచీ తెలుసు.

రేపు అని రాసి కొట్టేశాను. పూడిమడక వెళ్దామని అత్తతో చెప్పాలి. ఇప్పుడే.

జూలై 23

కూర్చుని రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

ఆ రోజు ఆటోలో వెళ్లాం. దారంతా అత్త ఏవేవో మాట్లాడుతూనే ఉంది. నేను లోపల ఒకే మాట కూడబలుక్కుంటున్నాను, పేజీకి రాసుకున్నట్టే. ఒక వాక్యంలో ఒక పని.

ఒడ్డున సముద్రం మట్టి రంగులో ఉంది. వలలు కట్టే పాక కింద ఆడవాళ్లంతా కూర్చున్నారు. మధ్యలో గంప బోర్లించి, దాని మీద గుడ్డ పరిచి, గుడ్డ మీద బేబి వదిన ఫోను పెట్టారు. అందరూ దాన్నే చూస్తున్నారు. కాస్త అవతల పరదేశి మావ, ఇంకొందరు పేకాడుతున్నారు. వాళ్లకు దిగులు లేదు. ఉంటే అలా ఆడరు.

"కస్టమైతే అరిసేది గదా" అని ఎవరో అన్నారు. "అదే, టైముకి రాకపోతే అరుత్తాదంట" అని ఇంకొకరు.

"అది అరవదు" అన్నాను.

ఎవరికీ వినిపించలేదు. నా గొంతు ఎప్పుడూ అంతే. మళ్లీ అన్నాను. అత్త తిరిగి చూసింది.

"ఏటే గొణుగుతన్నావు?"

అప్పుడు లేచి నిలబడ్డాను. అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి. ఆ క్షణంలో కూర్చుండిపోతే చాలు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అది కూడా అనుకున్నాను. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

"ఆ ఫోను అరవదు. ఆళ్లు టైము రాసుండరు. రాయకపోతే అరవదు. ఎన్నాళ్లైనా అరవదు. రాయక్కర్లేదని రాసింది నానే."

ఎవరో నవ్వారు.

బేబి వదిన లేచింది. "నువ్వు రాయడమేటే? నీకు నోరే లేదు గదా."

"బెల్లంఅచ్చు నానే ఒదినా."

వదిన వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుంది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా ముఖంలోకి చూస్తూ ఊపింది, ఒకసారి, రెండుసార్లు, తర్వాత చేతులు వదిలేసి గంప మీది ఫోను తీసి ఇసకలోకి విసిరేసింది.

పరదేశి మావ ముక్కలు కింద పడేశాడు.

"ఎవులు రాసేరో తరవాత సూద్దాం. ఏ పక్కకెల్తానన్నాడే ధనరాజు? ఒరే నానాజీ, ఇంజన్లో ఆయిలుందేటి? దింపండి. మెరైన్ పోలీసోళ్లకి ఫోన్ కొట్టండి ముందు."

అంతా ఒక్కసారి లేచారు. ఇంతసేపూ అక్కడ కూర్చున్నవాళ్లే, ఇంత తొందరగా కదలగలరని నాకు తెలియదు. బోట్లు ఇసక మీద జారుతుంటే నేనూ ఒకదాన్ని పట్టుకుని తోశాను. ఎవరూ వద్దనలేదు. ఎవరూ నాతో మాట్లాడనూ లేదు. అత్త ఒక్కతే వచ్చి నా పక్కన నిలబడింది. చెయ్యి పట్టుకోలేదు. పక్కన నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం నానాజీ బోటు వాళ్లను కట్టి లాక్కొచ్చింది. గాలి పెట్టిన రోజే ఇంజను ఆగిపోయిందట. అప్పటి నుంచి కొట్టుకుపోతూనే ఉన్నారు. నలుగురూ బతికే ఉన్నారు. ఆయన పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి గుర్తుపట్టనట్టు చూశాడు.

ధనరాజు అన్నయ్య కుడిచేతికి లుంగీ గుడ్డ చుట్టి ఉంది. లంగరు తాడు చేతికి చుట్టుకుని బిగుసుకుందట, గాలిలో. అనకాపల్లి ఆసుపత్రికి తెచ్చాం. రెండు వేళ్లు తీసేశారు. నిన్ననే తెచ్చుంటే నిలిచేవేమో అని డాక్టరు గారు అన్నారు.

ఆయన "నిన్న" అన్నారు. నేను "రేపు" అని రాస్తూ కూర్చున్నాను.

జూలై 24

ఆయన మాట్లాడలేదు.

జూలై 25

ఉప్పు అడిగాడు. అత్తని.

జూలై 27

ఇవాళ నేను బట్టలు ఆరేస్తుంటే వచ్చి వెనక నిలబడ్డాడు. తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. చీర రెండు అంచులూ పట్టుకుని అలాగే ఉండిపోయాను. పుట్టింటికి పొమ్మంటాడనుకున్నాను. ఏ సంచిలో ఏం సర్దుకోవాలో కూడా అనుకున్నాను.

"ఎందుకు సెప్పలేదు?" అన్నాడు.

"బయ్యమేసింది."

"నా మీదేటి బయ్యం?"

ఆయన ఎప్పుడూ నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు.

"ఆ గడి ఎదరే ఉందే" అన్నాడు. "బావ అడిగేడు కూడా, ఏటి రాయాలిరా అని. ఒగ్గీ బావా, ఒగ్గీయొచ్చని మనోడే రాసేడు అన్నాను. నానే అన్నాను. అక్కడ కొట్టుకుపోతన్నప్పుడు బావ అంటన్నాడు, మనోళ్లు ఈపాటికి బయల్దేరుంటార్రా, ఫోనరిసుంటాది అని. నాకు గుర్తొచ్చింది, టైమే రాయలేదు, అది అరవదని. ఆడికి సెప్పలేదు. సెప్తే ఆడు అక్కడే పోయేవోడు."

అప్పుడు తిరిగి చూశాను. ఏడుస్తున్నాడు. నాకు ఇంకా భయమేసింది.

జూలై 29

శ్యామ్ గారికి రాశాను. అయ్యా అనీ సార్ అనీ కొట్టివేతలు లేకుండా, జరిగింది జరిగినట్టు. సముద్రం వింటుందన్న మాట కూడా రాశాను.

సాయంత్రానికే జవాబు వచ్చింది. నవ్వలేదు. ఆ వాక్యాన్ని వెంటనే తీసేశానన్నారు. "జవాబు రాకుండా పేజీ పెట్టింది నేను. నా తప్పూ ఉంది. ఇప్పుడు అక్కడ ఏం రాయాలో మీరే చెప్పాలి, మాకు తెలియదు" అన్నారు.

తప్పకుండా నింపండి అని రాస్తే సరిపోతుందనుకున్నాను.

ఆగస్టు 2

ఆసుపత్రికి క్యారేజీ పట్టుకెళ్లాం. బేబి వదిన ఆ రోజు తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది. నా వైపు చూడకుండా, గ్లాసు కడుగుతూ.

"తప్పకుండా అని నువ్వెంత పెద్దచ్చరాల్తో రాసినా ఎవులూ నింపరే. ఇంత జరిగినాక ఈడే నింపడు. అడుగు."

అన్నయ్య కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. "ఆ టైము ఎలాగ రాత్తావమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. ఇంకో బోటు, ఇంకో నలుగురు, గంప మీద ఇంకో ఫోను.

వచ్చేస్తుంటే అత్త గుమ్మం దగ్గర ఆగింది. అల్లుణ్ణి మామూలుగానే అడిగింది.

"బాబూ, రాత్రికి ఎసరెప్పుడెట్టమంటావు?"

"ఎనిమిదికెట్టత్తా."

వెంటనే చెప్పాడు. ఆలోచించనైనా లేదు.

ఆగస్టు 3

ఇలా రాశాను. అత్తకు చదువు రాదు కాబట్టి రెండుసార్లు చదివి వినిపించాను.

"ఎసరు ఎప్పుడు పెట్టాలని ఇంట్లో అడిగితే ఏ టైము చెబుతారో ఆ టైము ఈ గడిలో రాయండి. ఆ టైముకు మీరు చేరాం అని నొక్కకపోతే ఇంటి ఫోను మోగుతుంది. ఈ గడి ఖాళీగా వదిలితే ఏ ఫోనూ మోగదు. మీకోసం ఎవరూ బయల్దేరరు."

"బాగుంది" అంది అత్త. మళ్లీ తనే, "ఆఖరి ముక్క ఉంచు. అది ఇనాల" అంది.

పంపించే ముందు పేరు మార్చాను. ఉషగారు హైదరాబాదు నుంచి వచ్చేశారు, ఎలా మార్చాలో చూపించారు. దుర్గాలక్ష్మి, అనకాపల్లి. ఎవరి ఫోనైనా మోగకపోతే ఎవరిని అడగాలో వాళ్లకు తెలియాలి కదా. అది రాయడానికి పేజీ అంతా రాసినదానికంటే ఎక్కువసేపు పట్టింది.

శ్యామ్ గారు గంటలో పెట్టేశారు. యాప్‌లో కూడా ఆ గడి పేరు మార్చమని మిగతావాళ్లను అడుగుతానన్నారు.

ఆగస్టు 10

మళ్లీ వేటకు. అన్నయ్య చెయ్యి మానలేదు, ఈసారి బోటు ఈయన చేతిలో ఉంటుంది. వద్దనాలనుకున్నాను. అనలేదు. కంపెనీకి వెళ్లమనీ అనలేదు. అది కూడా వాసన పడక వచ్చేసిన చోటే.

అత్త వంటింట్లోంచి రాలేదు. కావాలనే రాలేదని తర్వాత అర్థమైంది. గడప దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఎసరెప్పుడెట్టమంటావు మావా?"

ఆయన నోటితో చెప్పలేదు. ఫోను తీసి, గోడకు ఆనుకుని, ఒక వేలితో కొట్టి నా చేతికిచ్చాడు. బోటు పేరు ఉంది. నలుగురు అని ఉంది. ఇంటి నంబరు నాది. కింది గడిలో రేపు సాయంత్రం ఏడు.

"సరిగ్గా రాసేనేటి? నువ్వు గదా రాసిందానివి, సూసి సెప్పు."

"సరిగ్గానే రాసేవు."

"గొడుగిత్తావేటి?" అన్నాడు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు. వెళ్లాడు.

ఆగస్టు 11

సాయంత్రం. గాలి లేదు. మబ్బు ఉంది. పూడిమడక నుంచి ఇంకా ఏ కబురూ లేదు.

ఫోను స్టవ్ పక్కన నిలబెట్టాను. చార్జింగ్ నిండా ఉంది. సౌండు పెద్దదిగానే ఉంది, మూడుసార్లు చూశాను. అత్త చేపలమ్మి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఇద్దరం ఫోను వైపే చూస్తున్నాం.

భయంగా ఉంది.

బియ్యం కడిగి పెట్టాను. స్టవ్ ఇంకా వెలిగించలేదు. ఏడు కాలేదు.